ఆంబోతు వీర్యంలో క్రోమోజోమ్ తేడా ఉందో లేదో ఎలా తేల్చుకోవాలి

"స్ట్రాలో కణాలు చక్కగా ఈదుతున్నాయండీ, గేదెలు మాత్రం తిరగపొర్లుతున్నాయి, క్రోమోజోముల్లో ఏమన్నా తేడా ఉందంటారా?" స్ట్రా అంటే గడ్డకట్టించిన వీర్యం నింపిన సన్నని గొట్టం, తిరగపొర్లడం అంటే చూడి నిలవక మళ్ళీ ఎదకి రావడం. ఈ ప్రశ్న నాకు నెలకి నాలుగు సార్లన్నా వస్తుంది. అడిగేది సెమెన్ స్టేషన్ డాక్టర్లు, వెటర్నరీ పీజీ పిల్లలు, ఊళ్ళో ఒంగోలు ఆంబోతునో ముర్రా దున్ననో పెట్టుకుని దాని మీద బతికే రైతులు. ప్రతి ఒక్కరికీ ఫోన్లో చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నా. ల్యాబ్ లేని వాళ్ళు శాంపిల్ పంపే వరకు, రిపోర్ట్ చదివే భాగం చూసుకుంటే చాలు, మిగతాది ల్యాబ్ వాళ్ళకి.

ముందు ఒక అపోహ తీసేద్దాం. మామూలు మైక్రోస్కోప్ కింద వీర్యం చుక్క పెట్టి చూస్తే క్రోమోజోములు కనపడవు. వీర్యకణం తలలో డీఎన్‌ఏ అంతా గట్టిగా నొక్కి కట్టిన మూటలా ఉంటుంది, ఆ కణం ఇక విడిపోదు, విడిపోని కణంలో క్రోమోజోములు విడివిడిగా లెక్కపెట్టడం కుదరదు. తల వంకర, తోక మెలిక, ప్రోటోప్లాస్మిక్ డ్రాప్‌లెట్ (తోకకి అంటుకుని మిగిలిన చిన్న బొట్టు), ఇవన్నీ ఆకారం లోపాలు, వాటిని చూసి క్రోమోజోమ్ లోపం అని రాయకండి. ఒక్క విషయంలో మాత్రం అనుమానపడొచ్చు, తల మామూలు కంటే బాగా పెద్దగా ఉన్న కణాలు పదే పదే కనిపిస్తే అవి రెండింతల క్రోమోజోములున్న డిప్లాయిడ్ కణాలు అయ్యుండొచ్చు. అయినా అది అనుమానమే, రుజువు కాదు.

అందుకే వరస ఇది: ముందు రక్తం నుంచి కారియోటైప్ (కణంలో క్రోమోజోములు ఎన్ని, ఏ ఆకారంలో ఉన్నాయో చూసేది), అవసరమైతేనే వీర్యం మీద ఫిష్ టెస్ట్ (క్రోమోజోముకి రంగు వెలుగు అంటించి చూసేది). చాలామంది నేరుగా వీర్యం మీద పడతారు, డబ్బూ టైమూ రెండూ పోతాయి.

ల్యాబ్‌కి వెళ్ళే ముందు ఇవి అడగండి

ఆ ఆంబోతు స్ట్రాలు వేరే ఊళ్ళో వేరే గోపాలమిత్ర (పశువులకి ఇంజెక్షన్ పద్ధతిలో చూడి కట్టించే ఊరి కార్యకర్త) వేస్తే చూడి కడుతున్నాయా? అదే గోపాలమిత్ర వేరే ఆంబోతు స్ట్రాలు వేస్తే కడుతున్నాయా? నైట్రోజన్ క్యాన్‌లో లెవల్ ఎప్పుడు చూశారు? సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి, తప్పు ఆంబోతుది కాదు, క్యాన్‌ది. ఎండల్లో తీసిన వీర్యమా అని కూడా అడగండి. వీర్యకణం తయారవ్వడానికి సుమారు 61 రోజులు పడుతుంది, పైగా బయటికి రావడానికి ఇంకో వారం పది రోజులు, కాబట్టి మే నెల ఎండ దెబ్బ జూలైలో కూడా కనపడుతుంది.

ఇంకొకటి, అందరూ మర్చిపోయేది: ఈ కోడె కవలల్లో పుట్టిందా, పక్కన పెయ్యదూడ పుట్టిందా? ఎందుకో కింద చెప్తా. ఇది తెలియక నేను ఒక మంచి ఆంబోతుని దాదాపు ఏరేయించబోయా.

గుర్తుంచుకోవాల్సిన లెక్కలు

ఆవు జాతికి, ఒంగోలైనా జెర్సీ అయినా హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) అయినా, 60 క్రోమోజోములు. అందులో 58 ఆటోసోములు (ఎక్స్, వై కానివి), అన్నీ ఒకే చేతివి, అంటే మెడ (సెంట్రోమియర్) ఒక కొసన ఉంటుంది. ఎక్స్ మాత్రం పెద్దది, రెండు చేతులది. వై దగ్గరే తిరకాసు: జెర్సీ, హెచ్‌ఎఫ్ లాంటి విదేశీ జాతుల్లో వై చిన్నది, రెండు చేతులది. మన ఒంగోలు, గిర్, సాహివాల్ లాంటి మూపురం జాతుల్లో వై చిన్నది, ఒకే చేతిది.

గేదెల్లో మన ముర్రా రకానికి, అంటే రివర్ బఫెలోకి 50. అందులో 5 జతలు రెండు చేతులవి, మిగతా 19 జతలు, ఎక్స్, వై అన్నీ ఒకే చేతివి. ఈశాన్యం వైపు, ఆగ్నేయాసియాలో ఉండే స్వాంప్ గేదెకి 48. రెండూ కలిసిన సంకరానికి 49 వస్తుంది, దాన్ని చూసి కంగారు పడకండి కానీ ఆ దున్నని ముర్రా అని రాసిన వాళ్ళని మాత్రం అడగండి.

కావాల్సినవి

- హెపారిన్ ట్యూబ్ (పచ్చ మూతది), ఈడీటీఏ (ఊదా మూత) వద్దు
- ఆర్‌పీఎంఐ-1640 మీడియం, ఫీటల్ బోవైన్ సీరం, పెన్సిలిన్-స్ట్రెప్టోమైసిన్
- మైటోజెన్ (తెల్ల రక్తకణాలు విడిపోయేలా చేసేది): పీహెచ్‌ఏ గానీ కాంకనావాలిన్-ఎ గానీ పోక్‌వీడ్ గానీ
- కోల్సెమిడ్ లేదా కోల్చిసిన్ (కణ విభజనని మధ్యలో ఆపేవి)
- పొటాషియం క్లోరైడ్, మిథనాల్, గ్లేషియల్ ఎసిటిక్ యాసిడ్, జీమ్సా
- 37 డిగ్రీల ఇంక్యుబేటర్, సెంట్రిఫ్యూజ్, 100ఎక్స్ ఆయిల్ లెన్స్ ఉన్న మైక్రోస్కోప్
- ఫిష్ చేసే వాళ్ళకి అదనంగా డీటీటీ (వీర్యకణం తలని వదులు చేసే మందు), ఆవు ఎక్స్, వై ప్రోబ్‌లు (రంగు అంటించిన డీఎన్‌ఏ ముక్కలు), ఒక ఆటోసోమ్ ప్రోబ్, ఫ్లోరెసెంట్ మైక్రోస్కోప్
- పక్కన పోల్చుకోడానికి ఒక మామూలు ఆంబోతు శాంపిల్, బాగా చూడి కట్టిస్తున్నదని రికార్డు ఉన్నది

చివరిది లేకుండా మొదలుపెట్టకండి. రిజల్ట్ తేడాగా వస్తే కెమికల్ తప్పా ఆంబోతు తప్పా అన్నది అది లేకుండా తేల్చలేరు.

జాగ్రత్త: బ్రుసెల్లా (పశువుల్లో ఈసుకుపోయే జబ్బు తెచ్చే బ్యాక్టీరియా) టెస్ట్ కాని ఆంబోతు రక్తం, వీర్యం గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు, అది మనుషులకి అంటుకుంటుంది. కోల్చిసిన్ విషం. ఫిక్సేటివ్ (మిథనాల్, ఎసిటిక్ యాసిడ్ కలిపినది) పని పొగ హుడ్ కిందే.

రక్తం నుంచి కారియోటైప్

1. మెడ నరం నుంచి 5 నుంచి 10 మి.లీ. రక్తం హెపారిన్ ట్యూబ్‌లోకి తీసి మెల్లగా అటూ ఇటూ తిప్పండి, గట్టిగా ఊపకండి. జ్వరంలో ఉన్నప్పుడు, ఈమధ్యే టీకా వేసినప్పుడు ఆగండి, కణాలు సరిగ్గా పెరగవు. ట్యూబ్ మీద చెవి ట్యాగ్ నంబర్ అక్కడికక్కడే రాయాలి, "ఆఫీస్‌కెళ్ళి రాద్దాం" అన్న వాళ్ళ శాంపిళ్ళే తారుమారయ్యేది.

2. చల్లగా పంపండి, గడ్డకట్టించకండి. ఐస్ ప్యాక్‌కి ట్యూబ్ నేరుగా తగలకుండా మధ్యలో గుడ్డో పేపరో చుట్టండి. 24 గంటల్లోపు ల్యాబ్‌కి చేరితే మంచిది. నంద్యాల నుంచి తిరుపతికి బస్సులో పంపినా పర్లేదు కానీ ఆ డబ్బా ఇంజన్ పక్కన పెట్టకుండా చూడమనండి.

3. 8 మి.లీ. మీడియం, 1.5 నుంచి 2 మి.లీ. సీరం, మైటోజెన్, యాంటీబయోటిక్ కలిపి అందులో 0.5 మి.లీ. రక్తం వేయండి. ఒక్కో ఆంబోతుకి రెండు కల్చర్లు పెట్టండి, ఒకటి పాడైనా ఇంకోటి ఉంటుంది. మీడియం, సీరం, టిప్స్ అన్నీ స్టెరైల్.

4. 37 డిగ్రీల దగ్గర 72 గంటలు, ట్యూబ్ వాలుగా పెట్టి. రోజుకి రెండు సార్లు మెల్లగా కదపండి. రెండో రోజుకే మీడియం మసకగా పసుపు తిరిగి వాసన వస్తే బ్యాక్టీరియా చేరింది, పారేసి మళ్ళీ రక్తం తీయండి, బతిమాలి లాభం లేదు.

5. 71వ గంటకి కోల్సెమిడ్. మి.లీ.కి 10 మైక్రోగ్రాముల స్టాక్ నుంచి 10 మి.లీ. కల్చర్‌కి 0.1 మి.లీ. చాలు, 45 నిమిషాల నుంచి గంట. "ఎక్కువ సేపు ఉంచితే ఎక్కువ ప్లేట్లు (విడిపోతున్న కణంలో క్రోమోజోములు విడిగా కనపడే గుంపులు) వస్తాయి" అని రెండు మూడు గంటలు ఉంచుతారు, వస్తాయి కానీ క్రోమోజోములు కుంచించుకుపోయి చుక్కల్లా అవుతాయి, 60 చుక్కల్లో ఏది ఏ చేతిదో దేవుడికే తెలియాలి.

6. 1000 ఆర్‌పీఎం దగ్గర 10 నిమిషాలు తిప్పి పైనీళ్ళు తీసేసి, 37 డిగ్రీలకి వేడి చేసిన 0.075 మోలార్ పొటాషియం క్లోరైడ్ (100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో 0.56 గ్రాములు) పోసి 20 నిమిషాలు ఉంచండి. ఈ మెట్టు మీదే మీ రిజల్ట్ అంతా ఆధారపడి ఉంటుంది. తక్కువైతే క్రోమోజోములు ఒకదాని మీద ఒకటి పడి గుట్టలా ఉంటాయి. ఎక్కువైతే కణం పగిలి క్రోమోజోములు పక్కకి పోతాయి, 60కి బదులు 57, 58 కనపడతాయి.

7. మిథనాల్ మూడు పాళ్ళు, ఎసిటిక్ యాసిడ్ ఒక పాలు, అప్పటికప్పుడు కలిపి చల్లబరిచింది. మొదటి కొన్ని చుక్కలు ట్యూబ్‌ని కదుపుతూ చుక్క చుక్కగా వేయాలి, ఒక్కసారి పోస్తే గోధుమరంగు ముద్ద కట్టేస్తుంది, ఆ ముద్ద ఇక విడిపోదు. పెల్లెట్ (అడుగున చేరిన కణాలు) తెల్లగా అయ్యేదాకా మూడు నాలుగు సార్లు మార్చండి.

8. జిడ్డు లేని స్లైడ్ చల్లని నీళ్ళలోంచి తీసి, తడి ఉండగానే ఒక అడుగు ఎత్తు నుంచి రెండు మూడు చుక్కలు వదిలి ఆరనివ్వండి. మొదటి స్లైడ్ రంగు వేయకముందే ఫేజ్ కాంట్రాస్ట్‌లో చూడండి, కణాలు దగ్గరగా ఉంటే ఎత్తు పెంచడమో ఫిక్సేటివ్ కలపడమో చేసి మిగతావి వేయండి. వానాకాలం, ఎండాకాలం ఒకే పద్ధతి పనిచేయదు, విశాఖ ఉక్కపోతకి స్లైడ్ ఆరడమే నిదానం, అందుకని అక్కడ చేసే వాళ్ళు కొద్దిగా వేడి ప్లేట్ వాడతారు.

9. 5 శాతం జీమ్సా, పీహెచ్ 6.8 బఫర్‌లో, 10 నిమిషాలు. కడిగి ఆరబెట్టి ఆయిల్ లెన్స్ కింద చూడండి.

ప్లేట్ ఎలా చదవాలి, జనం ఎక్కడ పొరపడతారు

కనీసం 20 మెటాఫేజ్ ప్లేట్లు లెక్కపెట్టండి, ఏమాత్రం అనుమానం ఉన్నా 50 దాకా వెళ్ళండి, రెండు రకాల కణాలు కలిసి ఉన్నట్టు అనిపిస్తే 100.

ముందు రెండు చేతుల క్రోమోజోములు ఎన్నో చూడండి, లెక్క తర్వాత. ఒంగోలు ఆంబోతులో రెండు చేతులది ఒక్క ఎక్సే ఉండాలి. జెర్సీ ఆంబోతులో ఎక్స్, చిన్న వై, రెండు. ఇవి కాకుండా ఇంకో పెద్ద రెండు చేతులది కనపడి, లెక్క 59 వస్తే అది 1/29 ట్రాన్స్‌లొకేషన్ అని గట్టి అనుమానం. ఒకటో క్రోమోజోమూ 29వదీ మెడ దగ్గర అతుక్కున్నాయన్నమాట. దీన్ని మొదట 1964లో స్వీడన్ ఎర్ర-తెలుపు ఆవుల్లో ఇంగెమార్ గుస్టావ్‌సన్ బృందం బయటపెట్టింది, ఆ తర్వాత ఎన్నో దేశాల్లో ఎన్నో జాతుల్లో దొరికింది. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వస్తే 58 ఉంటుంది, అప్పుడు రెండు చేతులవి రెండు అదనం.

పొరపాటు ఒకటి: పగిలిన కణాన్ని లోపం అనుకోవడం. ఒక పీజీ అమ్మాయి నాకు ఫోటోలు పంపింది, "సార్ 59 వచ్చింది, మోనోసోమీ" (ఒక క్రోమోజోమ్ తక్కువ) అని. ఒక ప్లేట్‌లో 59, ఇంకోదాంట్లో 57, ఇంకోదాంట్లో 58, రెండు చేతులది మాత్రం ప్రతి దాంట్లో ఒక్కటే. అది లోపం కాదమ్మా, ఉప్పునీళ్ళలో ఎక్కువ నానబెట్టావు అన్నా. తేడా ఎలా పట్టాలంటే, అదే క్రోమోజోమ్ కనీసం మూడు కణాల్లో పోతే నిజం, ఒక్కో కణంలో ఒక్కోటి పోతే స్లైడ్ తప్పు. ఎక్కువ వచ్చినది అయితే ఒకేది రెండు కణాల్లో కనపడినా పట్టించుకోండి.

పొరపాటు రెండు: ఆంబోతు రక్తంలో ఎక్స్‌ఎక్స్ (ఆడ) కణాలు కనపడగానే శాంపిల్ మారిందనో, ఆంబోతు పనికిరాదనో రాసేయడం. పైన కవలల గురించి అడగమన్నది ఇందుకే. కోడె, పెయ్య కవలలుగా ఉన్నప్పుడు కడుపులోనే మాయ రక్తనాళాలు కలిసిపోయి ఒకరి రక్తకణాలు ఇంకొకరిలోకి వెళ్తాయి. పెయ్య చాలావరకు గొడ్డుమోతు అవుతుంది, ఇది రైతులకి ఎప్పటి నుంచో తెలుసు. కోడె రక్తంలో మాత్రం అక్కో చెల్లో కణాలు బతికినంత కాలం తిరుగుతుంటాయి. నా దగ్గరికొచ్చిన ఆంబోతుకి 30 కణాల్లో 11 ఎక్స్‌ఎక్స్, నేను రిపోర్ట్ రాసేశా, పంపేముందు వాళ్ళ ముసలాయన మాటల్లో మాటగా "దీంతో పాటు పుట్టిన పెయ్య కట్టలేదండీ" అన్నాడు. అలాంటప్పుడు మళ్ళీ రక్తం తీసి చూడండి, అదే వస్తే చెవి చర్మం ముక్క తీసి ఫైబ్రోబ్లాస్ట్ కల్చర్ చేయండి, చర్మంలో అన్నీ ఎక్స్‌వై అయితే కవలల కథే. ఇలాంటి కోడెల్లో కొన్నిటికి సంతానశక్తి తగ్గుతుంది, కాబట్టి వదిలేయకుండా వీర్యం, చూడి రికార్డు చూసి నిర్ణయం తీసుకోవాలి.

పొరపాటు మూడు: లెక్క 60 వచ్చింది కాబట్టి ఆంబోతు నార్మల్ అనేయడం. రెండు క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటే, అంటే రెసిప్రొకల్ ట్రాన్స్‌లొకేషన్ అయితే, లెక్క 60గానే ఉంటుంది, ఆవులో ఆటోసోములన్నీ ఒకే చేతివి కాబట్టి ఉత్త జీమ్సాలో చాలాసార్లు కంటికి తెలియదు. ఆంబోతు చూడ్డానికి దిట్టంగా, వీర్యం కదలిక దివ్యంగా ఉండి, ఎన్నో ఊళ్ళలో, ఎందరో వేసినా కట్టకపోతే జి-బ్యాండింగ్ (స్లైడ్‌ని ట్రిప్సిన్‌లో ముంచి రంగు వేసి క్రోమోజోముల మీద చారలు తెప్పించేది) అడగండి. ట్రిప్సిన్‌లో ఎన్ని సెకన్లు అన్నది ప్రతి కొత్త లాట్‌కీ ఒకట్రెండు స్లైడ్లు బలిచ్చి తేల్చుకోవాల్సిందే, పుస్తకంలో రాసిన సెకన్లు నమ్మొద్దు.

ఇంకో పక్క లాభం ఉంది ఈ పనిలో. ఒంగోలు అని రిజిస్టర్‌లో ఉన్న ఆంబోతుకి వై రెండు చేతులది కనపడిందా, దాని తండ్రి వరసలో ఎక్కడో విదేశీ ఆంబోతు ఉన్నట్టు. వై తండ్రి నుంచి కొడుక్కే వస్తుంది కదా. మూపురం, కొమ్ములు, రంగు చూసి పోటీల్లో బహుమతులు ఇస్తారు గానీ వై అబద్ధం చెప్పదు. తల్లి వైపు కల్తీ మాత్రం దీంతో తెలియదు.

వీర్యం మీద ఫిష్, ఎప్పుడు, ఎలా

రక్తం నార్మల్ వచ్చాక కూడా చూడి కట్టకపోతే, లేదా ట్రాన్స్‌లొకేషన్ దొరికి అది ఎంత నష్టం చేస్తుందో తెలియాలంటే అప్పుడు వీర్యం మీదకి రండి.

10. రెండు స్ట్రాలు 37 డిగ్రీల నీళ్ళలో 30 సెకన్లు. సెక్స్‌డ్ సెమెన్ వాడొద్దు, అందులో ఎక్స్ కణాలే ఏరి పెట్టి ఉంటాయి, మీ నిష్పత్తి తలకిందులవుతుంది. కుదిరితే పల్చన చేయని తాజా వీర్యం మేలు.

11. పీబీఎస్‌తో మూడు సార్లు కడగండి. స్ట్రాలో కోడిగుడ్డు పచ్చసొన ఉంటుంది, అది మిగిలితే స్లైడ్ అంతా నక్షత్రాల్లా మెరుస్తుంది, ఏది సిగ్నలో (ప్రోబ్ అంటుకున్న చోట మెరిసే చుక్క) ఏది సొనో తెలియదు. తర్వాత 3:1 ఫిక్సేటివ్, స్లైడ్ మీద చుక్క.

12. డీటీటీతో తల వదులు చేయాలి. ట్రిస్ బఫర్‌లో 10 మిల్లీమోలార్ దగ్గర మొదలుపెట్టి ప్రతి ఐదు నిమిషాలకి ఫేజ్ కింద చూడండి. తల ఒకటిన్నర నుంచి రెండింతలు ఉబ్బి, తోక ఇంకా కనపడుతుంటే ఆపేయండి. ఉబ్బకపోతే ప్రోబ్ లోపలికి పోదు, మరీ ఉబ్బితే ఒక సిగ్నల్ చీలి రెండుగా కనపడుతుంది, లేని లోపం ఉన్నట్టు రాస్తారు.

13. ప్రోబ్‌లు మూడు రంగుల్లో: ఎక్స్, వై, ఒక ఆటోసోమ్. మనుషుల సెంట్రోమియర్ ప్రోబ్‌లు ఆవుకి పనికిరావు, కొనేముందు అడగండి. స్లైడ్, ప్రోబ్ రెండూ వేడితో విడగొట్టి రాత్రంతా 37 డిగ్రీల తేమ డబ్బాలో. పొద్దున కడిగి డాపీ (తలంతా నీలంగా కనపడేలా చేసే రంగు).

14. లెక్క. ఒక ఆంబోతుకి కనీసం 5,000 కణాలు, వీలైతే 10,000. వందో రెండొందలో చూసి శాతం రాసిన రిపోర్టులు నేను చూశా, మామూలు ఆంబోతులో ఈ లోపాలు చాలా అరుదు కాబట్టి ఆ లెక్కకి అర్థం లేదు. తోక కనపడాలి, తలలు ఒకదాని మీద ఒకటి పడకూడదు, రెండు సిగ్నళ్ళు ఒకే సైజులో ఉండి మధ్యలో కనీసం ఒక సిగ్నల్ పట్టేంత ఖాళీ ఉంటేనే రెండు అని రాయాలి. ఇద్దరు మనుషులు వేర్వేరుగా లెక్కపెట్టాలి, ఏది ఏ ఆంబోతో తెలియకుండా.

మూడో ప్రోబ్ ఎందుకంటే, ఎక్స్, వై రెండూ ఒకే తలలో ఉండి ఆటోసోమ్ ఒకటే ఉంటే అది డైసోమీ, ఆటోసోమ్ కూడా రెండు ఉంటే డిప్లాయిడ్. మూడోది లేకపోతే రెండిటినీ కలిపేస్తారు. సిగ్నలే లేని తలల్ని లోపం కింద రాయకండి, ఎక్కువసార్లు అది ప్రోబ్ అంటుకోకపోవడమే.

15. రిజల్ట్ నమ్మాలా వద్దా? ఎక్స్ కణాలు, వై కణాలు సుమారు సగం సగం రావాలి. పక్కన పెట్టిన మామూలు ఆంబోతుకి అసలు లోపాలు లెక్కకి మించి వస్తే మీ డీటీటీ తప్పు. ఈ రెండిట్లో ఏది తప్పినా రిపోర్ట్ రాయకండి, మళ్ళీ చేయండి. తేడా నిజంగా కనపడితే రెండు మూడు నెలలాగి ఇంకో కలెక్షన్‌తో మళ్ళీ చూడండి, జ్వరమో ఎండో కారణమైతే ఈలోపు కొత్త కణాలు తయారై ఉంటాయి.

దొరికాక ఏం చేయాలి

61, ఎక్స్‌ఎక్స్‌వై వస్తే వృషణాలు చిన్నగా ఉండి వీర్యంలో కణాలే ఉండవు సాధారణంగా, దాని సంగతి వేరే చెప్పక్కర్లేదు. రెసిప్రొకల్ అయితే సమతూకం లేని వీర్యకణాలు చాలా ఎక్కువ, పిండాలు తొలి రోజుల్లోనే పోతాయి, చూడి శాతం పడిపోతుంది కాబట్టి ఏదో ఒకరోజు పట్టుబడుతుంది.

నేను భయపడేది 1/29 గురించి. దాంట్లో సమతూకం లేని కణాలు కొద్ది శాతమే, చూడి కొంచెమే తగ్గుతుంది, ఎవరికీ అనుమానం రాదు. మామూలు ఆవుతో కలిస్తే పుట్టే దూడల్లో సగానికి అదే వస్తుంది. ఊరి ఆంబోతైతే ఆ ఊరితో పోతుంది, సెమెన్ స్టేషన్ ఆంబోతు అయితే ఏడాదికి వేల డోసులు జిల్లాలు దాటి వెళ్తాయి. అందుకే మన దేశంలో సెమెన్ స్టేషన్లకి ఉన్న కనీస ప్రమాణాల్లో కారియోటైప్ కూడా పెట్టారు. క్యారియర్ అని తేలితే వీర్యం తీయడం ఆపేయండి, నిల్వ ఉన్న స్ట్రాలు కూడా, కొడుకుల్ని కూడా టెస్ట్ చేయించండి. కోడె దూడని స్టేషన్‌కి కొనేముందే చేయిస్తే రెండు మూడేళ్ళ మేత ఖర్చు మిగులుతుంది. పుట్టుకతో వచ్చిన లోపానికి జీవితంలో ఒక్కసారి సరైన టెస్ట్ చాలు.

"జీనోమిక్ చిప్ చేయించాం, ఇంకా కారియోటైప్ ఎందుకు?" అని అడుగుతున్నారు ఈమధ్య. చిప్ చూసేది డీఎన్‌ఏ అక్షరాల తేడాలు, పాల దిగుబడి అంచనాకి బ్రహ్మాండంగా ఉంటుంది. ట్రాన్స్‌లొకేషన్‌లో డీఎన్‌ఏ ఎక్కువా కాదు తక్కువా కాదు, చోటు మారిందంతే, మామూలు చిప్ రిపోర్ట్‌లో అది కనపడదు.

ల్యాబ్ లేని వాళ్ళు తిరుపతి, రాజేంద్రనగర్ వెటర్నరీ యూనివర్సిటీల జెనెటిక్స్ డిపార్ట్‌మెంట్లలో ముందుగా ఫోన్ చేసి ఏ రోజు కల్చర్ పెడతారో కనుక్కుని, ఆ ముందు రోజు సాయంత్రం రక్తం తీయండి, శుక్రవారం మాత్రం పంపకండి. రిపోర్ట్ వచ్చాక "నార్మల్" అన్న ఒక్క మాట కాకుండా ఎన్ని ప్లేట్లు చూశారు, బ్యాండింగ్ చేశారా, వై ఏ రకం అన్నవి రాయించుకోండి. మిగిలిన పెల్లెట్‌ని ఫిక్సేటివ్‌లోనే మూత బిగించి మైనస్ 20లో పెట్టమనండి, ఏళ్ళ తర్వాత కూడా అందులోంచి కొత్త స్లైడ్ వేసుకోవచ్చు, అప్పటికి ఆంబోతు ఉన్నా లేకపోయినా.